అత్తకీ అల్లుడికీ మధ్య మాట

బట్టలు సర్దుకోవాలి. అమ్మమ్మకి చేమదుంప ఉడికించి పెట్టాలి. వాననీళ్ల పీపాకి మూత బిగించాలి. అన్నిటికన్నా ముందు, తను వెళ్లాక అమ్మమ్మ ఇంటికీ నాన్న ఇంటికీ మధ్య మాట ఎవరు మోస్తారో తేలాలి. ఓడ కొండ మలుపు తిరిగిందని అప్పుడే రేవు నుంచి కేక వినబడింది.

మెరియన్‌కి కాలు ఒకచోట నిలవడం లేదు. పాత భాష ఈ దీవిలో ఇద్దరి నోళ్లలోనే మిగిలింది. ఒకరు అమ్మమ్మ రోలెవ్, ఇంకొకరు నాన్న సికేల్. చూడబోతే వాళ్లు అత్తా అల్లుళ్లు. ఇక్కడి ఆచారం ప్రకారం అల్లుడు అత్త పేరు పలకకూడదు, ఎదుట పడకూడదు, నేరుగా పలకరించకూడదు. ఇన్నేళ్లూ మెరియన్ తల్లి ఇటు మాట అటు చేరవేసింది. నిరుడు ఆమె పోయాక అమ్మమ్మ నోరు మూతబడింది, తిండీ తగ్గింది. ఊరంతా మాట్లాడే బిస్లామా ఆమెకి ఉప్పులేని కూర. సెలవులకి వచ్చిన మెరియన్, సగం అర్థం కాకపోయినా, చిలకలా ఆ మాటలు మోసింది. తప్పు పలికినప్పుడల్లా అమ్మమ్మ నవ్వేది, ఆ నవ్వులో నాలుగు ముక్కలు తినేది.

ఇప్పుడు కాలేజీ తెరుస్తున్నారు.

"నేను ఉండిపోతా నాన్నా."

"ఉండి ఏం చేస్తావే? నువ్వు మన భాష మాట్లాడితే పందులు కూడా పారిపోతున్నాయి."

మెరియన్ నవ్వలేదు. "అయితే అమ్మమ్మకి చెప్పాల్సింది ఆ కట్టేసిన పందికే చెప్పు, ఆమె ఇంటి తడిక పక్కన కూర్చుని. అమ్మమ్మని చెవులు మూసుకోమని ఆచారం చెప్పలేదుగా."

అది ఊరి పెద్దల కళ్లలో దుమ్ము కొట్టడమే అన్నాడు సికేల్. కట్టేసిన పంది చుట్టూ తిరిగాడు, రేవు వైపు చూశాడు, మళ్లీ తిరిగాడు. చివరికి అమ్మమ్మ ఇంటి కొబ్బరాకు తడిక పక్కన చతికిలబడి, పంది మొహంలోకి చూస్తూ పాత భాషలో ఏదో అడిగాడు.

లోపల నుంచి అమ్మమ్మ అదే భాషలో కోడిని కసరడం మొదలుపెట్టింది. ఒక కోడికి అంత పెద్ద తిట్టు అక్కర్లేదు. సికేల్ తల వంచుకుని నవ్వాపుకున్నాడు.

"ఏమంటుంది?"

"నన్ను కాదులే. పెండలం తవ్వే అదను కూడా తెలీని దద్దమ్మట, ఆ కోడి."

ఓడ కూసింది. మెరియన్ మూట పట్టుకుని పరిగెత్తింది. ఓడ దగ్గరికి చేర్చే పడవలోంచి వెనక్కి చూస్తే తడిక పక్కన నాన్న ఆనవాలు తెలుస్తోంది గానీ, మాట్లాడుతున్నాడో ఊరికే కూర్చున్నాడో తెలియలేదు. రేపు కూడా కూర్చుంటాడా? పెద్దలకి భయపడి మానేస్తాడా? ఓడ ఎక్కినా ఆమెకి కూర్చోబుద్ధి కాలేదు.

ఎన్ని మాటలు కలిసినా అల్లుడి నోట అత్త పేరు మాత్రం రాదు. ఆమె పేరు రోలెవ్. మీరైనా గుర్తుపెట్టుకోండి.