రెండు తాళ్ళు

ఓడ రేవులో ఆగేది ఒక్క పగలు. సాయంత్రం కూత వేసేలోగా ఎక్కకపోతే అంతే సంగతులని పైవాళ్ళు మరీ మరీ చెప్పి పంపారు. ముడి మాస్టారు బుద్ధిగా తలూపి దిగాడు. ఓడలో తాళ్ళ పని అతనిది. అతను వేసిన ముడి తనంతట తాను ఊడిందన్న మాట ఇంతవరకూ ఎవరూ వినలేదు, అందుకే ఆ పేరు. చేతిసంచిలో మేనల్లుడికని కొన్న ఈత కళ్ళద్దాలున్నాయి. అవి చూసి వాడు ఎగిరి గంతేస్తాడని దారంతా తనలో తాను నవ్వుకున్నాడు, పిచ్చిమారాజు.

ముత్యాలు పోయి ఎన్నాళ్ళయినా ఊరు ఆ గొప్ప మాత్రం వదల్లేదు. ముత్యాల వీధిలో ఇప్పుడు టైర్లకు గాలి కొడతారు. గుల్లలు ఆరబోసిన పెరట్లలో మోటారు సైకిళ్ళు నిలబెట్టుకుంటున్నారు. ఊరు చూడవచ్చినవాళ్ళ సరదా కోసం కుర్రాళ్ళు పాతకాలపు వాళ్ళలా నడుముకు రాయి కట్టుకుని దూకుతుంటారు. మేనల్లుడి పనీ అదే.

అక్క గుమ్మంలోనే ఉంది. తమ్ముణ్ణి చూసి నవ్వలేదు.

"వాడు మొన్న దూకాడురా. పైకి రాలేదు."

అతను అక్కడే కూలబడ్డాడు. అక్క ఏడవకుండా మిగతాది చెప్పింది. రేవువాళ్ళు వెతికి చేతులెత్తేశారు. బావ మాత్రం నిన్న ఒక్కడే వెళ్ళి మునిగి చూసొచ్చాడు. పిల్లవాడు గుల్లల గట్టు అంచున రెండు బండల మధ్య ఇరుక్కుని ఉన్నాడు. ఆ అంచు దాటితే లోతుకు అంతు లేదు. నీటి లాగుడు పెరుగుతోంది, ఈ రోజు తియ్యకపోతే ఇక దక్కడు. మొగుడికి సాయం రమ్మంటే, బతికున్నవాణ్ణి కూడా చంపుకుంటావా అని ఊళ్ళోవాళ్ళు తప్పుకున్నారు. ఊపిరి సరిగ్గా ఆడని మనిషి మళ్ళీ ఒంటరిగా పోతాడని, మునకరాయిని అక్క మంచం కింద దాచేసింది.

ఇప్పుడు ఆ రాయిని తనే బయటికి లాగింది.

మునిగేవాడి నడుం తాడు బావమరిదే పట్టాలన్నది ఆ వృత్తిలో కట్టుబాటు. అక్క బతుకు అతని గుప్పిట్లో ఉంటుంది గనక ఏమరుపాటు ఉండదని. సంబంధం కలుపుకునేటప్పుడు పిల్ల మొహం కంటే పిల్ల తమ్ముడి చేతులే ఎక్కువ చూస్తారని వేళాకోళం కూడా ఉండేది.

"ముందు మనిషిని లాగాలి, తర్వాతే గుల్లల బుట్ట. గుర్తుందా?" అంది అక్క.

"ఉందక్కా."

బావ పడవ దగ్గర ఉన్నాడు. కళ్ళద్దాలు చూసి చెయ్యి చాపాడు. కొడుకు కోసం వచ్చినవి తను పెట్టుకుని పడవలో కూర్చున్నాడు.

తాళ్ళు రెండు. ఒకటి నడుముకి, ఒకటి బుట్టకి; ఈ రోజు అది బుట్ట బదులు పిల్లవాడికి. పాతరోజుల్లో పడవలో ఇద్దరు నిలబడేవాళ్ళు. ఈ రోజు అన్నిటికీ ఇతనొక్కడే. అలవాటుకొద్దీ బుట్ట తాడు కొసని పడవ కొయ్యకి ముడి వెయ్యబోయాడు. బావ ఆ చెయ్యి మీద ఒక్కటి కొట్టాడు.

"కట్టేస్తే తాడు చచ్చిపోతుంది. కింద నేను లాగేది కొయ్యకి తెలుస్తుందా? చేత్తో పట్టు."

పెద్దవాడి మాట. అతను ముడి మానేసి, చేతుల్లో నడుం తాడుంది గనక ఆ తాడుని మడమ కింద తొక్కిపట్టాడు. బావ రాయితో దిగిపోయాడు.

చాలాసేపటికి మడమ కింద తాడు రెండుసార్లు గుంజింది. పిల్లవాడు దొరికాడు. ఇక పైకి లాగమని బావ నడుం తాడు గుంజాలి. గుంజలేదు. బిగువు తగ్గి ఊరికే వేలాడింది. బావకి స్పృహ పోయింది.

రెండు చేతులా లాగడం మొదలుపెట్టాడు. పైకి రావడం లేదు. అదే సమయంలో మడమ కింద తాడు వేగంగా జారసాగింది. పిల్లవాడు బండల్లోంచి ఊడివచ్చాడు, నడుముకున్న రాయి వాణ్ణి అంచు మీదుగా ఈడుస్తోంది. మనిషిని లాగాలంటే కాలు ఎత్తి పడవ అంచుకి తన్నిపట్టాలి. కాలు ఎత్తితే తాడు పోతుంది. ఒక్క ముడి, రెప్పపాటులో వేసే ముడి, వెయ్యడానికి చెయ్యి ఖాళీ లేదు.

కాలు ఎత్తాడు.

తాడు సర్రున పోయింది. కొస కూడా నీళ్ళలో మాయమైంది. అతను చిన్నపిల్లవాడిలా భోరుమని ఏడుస్తూనే బావని పడవలోకి లాగాడు.

నీళ్ళు కక్కి కళ్ళు తెరవగానే బావ అడిగిన మొదటి మాట, "బుట్ట తాడేది?"

అతను నీళ్ళవైపు చూశాడు. బావ పడుకున్నచోటినుంచే బావమరిది ఛాతీ మీద కొట్టాడు. దెబ్బల్లో బలం లేదు. తర్వాత మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఒడ్డున అక్క మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉంది. మొగుణ్ణి తడిమి చూసింది. ఊపిరుంది. ఆ తర్వాత పడవలోకి వంగి అడుగంతా చూసింది. చుట్టలు పడున్న ఒక్క తాడు తప్ప ఏమీ లేదు. రేవులో ఓడ కూత వేసింది. ఎవరూ తలెత్తలేదు.

"ముందు మనిషినే లాగానక్కా."

"అవున్రా. నేనే చెప్పాను," అంది. వంగి ఆ ఒక్క తాడునీ చేతుల్లోకి తీసుకుంది.

"వాడు బుట్ట కాదు కదరా."