అత్త కోసం కోసిన కంచె

మా నార్త్‌లాండ్ తీరంలో కొండ తవ్వి ఇళ్ళు కడుతున్నారు. అక్కడ నేను టిప్పర్ నడుపుతాను, మా తమ్ముడు తామిహానా పొక్లెయిన్ నడుపుతాడు. సొంత కొండని తవ్వడానికి మీకు చేతులెలా వచ్చాయని అడిగేవాళ్ళున్నారు. అడగడానికేం, నోరుంటే చాలు.

తవ్విన చోటికి దిగువన నల్ల గుడ్డతో కంచె కట్టాలి. దాని అంచు నేలలో పాతాలి, ఎక్కడా సందు ఉండకూడదు. వాన నీళ్ళు పోవాలి, మట్టి సముద్రంలోకి దిగకుండా ఆగాలి. రూలు మంచిదే. కాకపోతే ఆ కంచె మా మెరెపెకా అత్త సముద్రానికి నడిచే దారికి అడ్డంగా పడింది.

మరాయెకి, అంటే ఈ దీవుల మూలవాసులైన మా మావొరీల ఉమ్మడి ఇంటికి, ఎవరొచ్చినా మా తీరం ఇసుకలో ఏరిన, లోపల మాంసం ఉండే గుల్లలే వండిపెట్టాలి. కొన్నవి పెడితే తలెత్తుకోలేం. అవి ఏరి తెచ్చేది అత్తే. పాపం మోకాళ్ళు అరిగిపోయాయి, రోడ్డు చుట్టూ తిరిగి వెళ్ళలేదు.

శుక్రవారం మా పెద్దల్లో ఒకాయన చనిపోయాడు.

"రేపు చుట్టాలు దిగుతార్రా. నేనెట్టా పోవాలి?" అంటూ అత్త కంచె దగ్గర నిలబడింది.

తామిహానా కత్తి తీసి, మనిషి పట్టేంత గుడ్డ కోసి పక్కకి మడిచాడు.

"ఒరేయ్, ఇన్‌స్పెక్టర్ చూశాడంటే నీ తోలు తీస్తాడు," అన్నాను.

"అత్తని కంచె దూకమంటావా అక్కా? సోమవారం కుట్టేస్తాలే."

శనివారం అత్త బకెట్ నిండా తెచ్చింది. చుట్టాలు లొట్టలేసుకుంటూ తిన్నారు. సాయంత్రం వాన అందుకుంది, ఇక తెరిపివ్వలేదు. పోయినవాణ్ణి సాగనంపేదాకా మరాయె వదిలి కదలకూడదు. అందరం శవం దగ్గరే కూర్చున్నాం. కంచె మాట ఒక్కరికీ గుర్తు రాలేదు.

వారం తర్వాత ఆటుకి సముద్రం వెనక్కి తగ్గినప్పుడు అత్త దిగింది, ఆమె వెంట మేమిద్దరం. ఇసుక కనబడలేదు, అంతా పసుపు బురద. మోచేతిదాకా చెయ్యి పెట్టి వెతికింది. చేతికొచ్చిన ప్రతి గుల్లా నోరు తెరుచుకుని కంపు కొడుతోంది.

"ఇంత మట్టి ఎటునించి వచ్చిందిరా?"

తామిహానా కంచెకేసి చూశాడు. అత్త వెనక్కి తిరిగి చూసింది. బురద చార సరిగ్గా ఆమె దారిలోంచే దిగింది.

"నా మోకాళ్ళ కోసమా..." అంది.

వాడి చెంప పగలగొట్టాలనిపించింది, వాణ్ణి గుండెకి హత్తుకోవాలనీ అనిపించింది. రెండూ చేయలేకపోయాను.

"నన్ను కొట్టత్తా," అన్నాడు వాడు.

"కొడితే ఇవి బతుకుతాయా? పోయి గుంజ పట్రా."

పెద్దలంతా వచ్చి ప్రార్థన చదివి రాహుయి పెట్టారు. ఇక ఆ తీరంలో ఎవరూ గుల్ల ముట్టకూడదు. దానికి గుర్తుగా గుంజ పాతింది తామిహానాయే.

"ఎన్నాళ్ళత్తా?"

"గుల్ల మళ్ళీ పుట్టి పెరిగేదాకా. అప్పటికి నేనుంటానా ఏంటి? గుంజ పీకే రోజు నువ్వుండు. మొదటి బకెట్ ఏరి, చుట్టాలకి నువ్వే పెట్టు."

వాడు గుంజని పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.