పాళ్యం కోట వాకిలి

రోజూ పొద్దున్నే చెన్నరాయప్ప పట్టుపురుగులకు మల్బరీ ఆకు గంప నెత్తిన పెట్టుకొని కోట వాకిలి దాటి లోపలికి వచ్చేవాడు. ఆ రోజు అతని రెండు భుజాలూ వాకిలి రాళ్లకు ఒరుసుకున్నాయి. గంప దించి, వాకిలిని పైనుంచి కిందిదాకా చూసి, పోయి పురుగులకు ఆకు వేశాడు. ఆరో నెల కడుపుతో ఉన్న అతని భార్య మునిరత్నమ్మ అది చూసింది. వెనకాలే వచ్చిన కూలివాళ్లు అదే వాకిట్లోంచి ఇద్దరిద్దరుగా నడిచి వచ్చారు.

బాగేపల్లి దగ్గర గుట్ట కిందున్న ఆ పాళ్యం కోట సంగతి చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. చేతులు మారే కాలం వస్తే పాత యజమానికీ అతని ఇంటివాళ్లకూ వాకిలి ఇరుకైపోతుంది. కట్టించిన పాళేగారికి మైసూరు దండు రాకముందే ఇరుకైంది. ఆయన వంగి బయటపడ్డాడు. తమ్ముడు మాత్రం ఇది మా కోట అంటూ లోపలే ఉండిపోయాడు. తర్వాత రాజు కోటను ఒక పూజారుల వంశానికి ఇనామిస్తే, వాళ్లు వచ్చి మొదట చేసిన పని ఆ తమ్ముడి ఎముకలు ఏరి దహనం చేయడం. ఆ వంశంలో చివరివాడు చిదంబరయ్య. వాకిలి తలకు తగిలిన వారంలోనే కోటను చెన్నరాయప్ప తండ్రికి అమ్మేసి ఊరు వదిలిపోయాడు.

ఇప్పుడు, 1956లో, తాలూకా కచేరీ నుంచి అమల్దారు వచ్చి, ఇనాము ఆస్తి అమ్మకం చెల్లదనీ, కోటలో పిల్లలు చదువుకునే సర్కారు శాలె పెడతారనీ చెప్పిపోయాడు. చెన్నరాయప్ప చింతామణి కోర్టుకు పోదామనుకున్నాడు. బయటికి పోతే మళ్లీ లోపలికి పట్టనేమోనని భయం. లోపలే ఉంటే ఎప్పటికీ బయటపడలేనేమోనని ఇంకో భయం. రాళ్లు కొట్టే బయ్యప్పను పిలిపించాడు. బయ్యప్ప రెండు పక్కలా జానెడేసి చెక్కి, ఇంక ఎద్దులబండి కూడా పడుతుందని మురిసిపోయాడు. చెన్నరాయప్ప వెళ్లి నిలబడితే నిన్నటికంటే ఇరుకుగా ఉంది. అది చూసి బయ్యప్ప ఉలి సంచిలో వేసుకొని వెనక్కి తిరగకుండా పోయాడు.

మునిరత్నమ్మకు నిద్ర కరువైంది. లేస్తూనే వెళ్లి వాకిట్లో పక్కకు తిరిగి నిలబడి చూసుకునేది. కడుపు పెరుగుతోంది, వాకిలి తగ్గుతోంది. చేతులూపుకుంటూ వచ్చిపోయే మంత్రసాని హనుమక్క, నొప్పులు ఇక్కడే మొదలైతే తల్లీబిడ్డా ఇక్కడే ఉండిపోతారని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

ఎనిమిదో నెలలో ఒకరోజు ఆమె బట్టలు మూట కట్టుకుంది.

"నాకీ కోటా వద్దు, గోడలూ వద్దు. నువ్వూ రా," అంది మొగుడితో.

"ఇద్దరం పోతే ఇంక ఇది మనది కాకుండా పోతాది. నువ్వు పో మే. నేను రేపొస్తా."

ఆమె నేలమీద పక్కకు పడుకొని తల బయటికి పెట్టింది. హనుమక్క చేతులు పట్టి లాగింది. నడుము దగ్గర రాయి పట్టేసింది. కడుపులో బిడ్డ కదలడం మానేసింది. ఊపిరాడక ఆమె కళ్లు మూసుకుంది. అప్పుడు లోపలినుంచి చెన్నరాయప్ప రెండు చేతులతో ఆమె పాదాలు పట్టి బయటికి తోశాడు. బయటపడి తిరిగి చూస్తే అతని ముఖం కనబడింది. మరునాటికి ఆ సందులో అతని చెయ్యి మాత్రమే పట్టింది.

హనుమక్క ఇంట్లో ఆడపిల్ల పుట్టింది. లక్ష్మీదేవి అని పేరు పెట్టుకున్నారు. బాలింతతనం తీరాక బిడ్డను చూపిద్దామని ఎత్తుకుపోతే, మునిరత్నమ్మకు వాకిలి నిలువెత్తున తెరుచుకొని ఉంది. నడిచి లోపలికి వెళ్లింది. చెన్నరాయప్ప భయపడి గోడకు ఆనుకున్నాడు.

"నీకెట్ల పట్టింది?"

"నేను వద్దనుకుంటి కదా. నువ్వూ ఒక్క మాట అను, ఇది నాది కాదని."

అతను నోరు తెరిచాడు. ఇది నాది అన్నదాకా అని, మిగతా ముక్క అనలేకపోయాడు.

శాలె మొదలైంది. మేష్ట్రు పాఠం చెబుతుంటే చెన్నరాయప్ప వెనక మూలన కూర్చునేవాడు. పిల్లలకు అలవాటైపోయాడు. మునిరత్నమ్మ రోజూ సంకటి ముద్ద తెచ్చిపెట్టి పోయేది. ఆరేళ్లు వచ్చాక లక్ష్మీదేవినీ అక్కడే చేర్పించింది. నాన్న దగ్గరే ఉంటుంది కదా అనుకుంది.

ఒక సాయంత్రం పిల్ల మోచేయి గీరుకుపోయి ఇంటికి వచ్చింది.

"అమ్మా, వాకిలి చిన్నదైపోయిండాది."

మునిరత్నమ్మ గీరుకున్న చోట పసుపు అద్దింది. పక్కన కూర్చోబెట్టుకొని మెల్లగా అడిగింది. నాన్న ఒళ్లో కూర్చోబెట్టుకొని, తల నిమురుతూ, ఈ కోట నీదే తల్లీ, పెద్దయినాక అంతా నీకే అని చెప్పాడట. ప్రేమతోనే చెప్పాడు.

ఆమె సంకటి గిన్నె హనుమక్క చేతిలో పెట్టి, ఇంక రోజూ నువ్వే పెట్టాలని బతిమాలుకుంది. వెలుగుండగానే తల్లీకూతుళ్లు శిడ్లఘట్టలోని అన్న ఇంటికని బస్సెక్కారు. గుట్ట వెనక్కి పోతుంటే పిల్ల కిటికీలోంచి చూస్తూ, "అమ్మా, మన కోటకు మళ్లీ ఎప్పుడు..." అని మొదలుపెట్టింది.

మునిరత్నమ్మ పిల్ల నోరు అరచేత్తో మూసేసింది. బస్సు చింతామణి దాటేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.