నిలుసున్నయ్య చెరుకు

బోధన్ చుట్టుపక్కల పునాది తవ్వేవాడు మొదటి గడ్డపార మెల్లగా దించుతాడు. కింద ఏ దేవుడి తల ఉందో ఎవరికి తెలుసు? ఒకప్పుడు ఇది పోదనపురమని, రాజుల పట్నమని పెద్దలు చెప్తారు. పాండవులు తలదాచుకున్న ఏకచక్రపురం ఇదేనని, బకాసురుడికి బండెడు అన్నంతో ఇంటికొక మనిషిని పంపిన ఊరు ఇదేనని కూడా చెప్తారు. జైనుల దేవుళ్లు వచ్చారు, శివుడు వచ్చాడు, పీర్లు వచ్చారు, ఆఖరుకు యేసయ్య వచ్చాడు. ఈ మట్టి మీదికి వచ్చిన వారెవరూ తిరిగిపోలేదు.

ఎడపల్లి నుంచి బోధన్ పోయే తోవకు లోపలగా ఆశన్న పొలం. ఆ పొలం మూలన రెండు రాతి పాదాలున్నాయి. ఒక్కో పాదం మీద ఒక మనిషి కాళ్లు ముడుచుకుని పడుకోవచ్చు. పిక్కల దాకే ఉంటాయి, పైన ఏమీ లేదు. పైభాగం విరిగిందో, అసలు చెక్కనే లేదో. పిక్కల చుట్టూ రాతిలోనే తీగలు చెక్కి ఉంటాయి. అన్నతో కొట్లాడి గెలిచి, గెలిచిన రాజ్యం అన్నకే ఇచ్చేసి, నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండిపోయిన జైన రాజు పాదాలట. కాళ్లకు తీగలు పాకాయట, పాదాల పక్కన పుట్టలు లేచాయట, ఆయన మాత్రం కదల్లేదట. ఆ రాజుకు ఆకాశమంత విగ్రహం పెడితే దాన్ని అడవి మింగిందని, కోడి తలల పాములు కాపలా ఉన్నాయని, చూడాలని పోయినవారికి దొరకలేదని కథ. ఆశన్న ఊరివాళ్లు ఆ పాదాలను నిలుసున్నయ్య అంటారు.

చెరుకు కొట్టేటప్పుడు ఆ పాదాల చుట్టూ ఒక మడి వదిలిపెట్టడం ముందునుంచీ ఉన్న ఆచారం. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక అందరూ వరికి మళ్లారు. ఆ ఒక్క మడి మిగిలింది. కొట్టని చెరుకు ముదిరి, ఒరిగి, మళ్లీ మొలిచి, పగలు కూడా, పాదాల ముందు కొంచెం జాగాలో తప్ప, లోపల చీకటిగానే ఉంటుంది. పాదాల దగ్గర అక్కడక్కడా మోకాలెత్తు రాళ్లున్నాయి. వాటి సంగతి ఎవరూ మాట్లాడరు.

ఇంకో ఆచారం కూడా ఉండేది. తీరని కష్టం ఉన్నవాళ్లు పొద్దున్నే చెప్పులు గట్టు మీద విడిచి, లోపలికి పోయి, పాదాల ముందు నిలబడతారు. తినరు, కూర్చోరు, పలకరు. దీపాలు పెట్టే వేళకు ఇంటివాళ్లు గట్టు మీద నిలబడి పేరు పెట్టి పిలవాలి. పిలిస్తే వస్తారు. లోపలికి పోయి చెయ్యి పట్టి లాగకూడదు. ఆశన్నకు మీసాలు వచ్చిన తర్వాత అట్లా ఎవరూ నిలబడలేదు.

ఆశన్నకు తమ్ముడు రామ్‌దాస్‌తో పంచాయితీ ఉంది. ఆ మడి పక్కనే ఇద్దరి పొలాల నడుమ ఉన్న గట్టురాయిని తమ్ముడు జరిపాడని ఆశన్న నమ్మాడు. నాట్ల ముందు మాటా మాటా పెరిగి పారకట్టెతో కొట్టాడు. రామ్‌దాస్ నుదురు పగిలింది. అప్పటి నుంచి మాటల్లేవు. ఆశన్న భార్య రుక్మాబాయి ఇద్దరి మధ్య తిరిగి తిరిగి అలిసిపోయింది.

"రేపు జేసీబీ వస్తది. ఆ మడి మొత్తం తీపిచ్చి గట్టురాయి నేనే పాతుత. ఎవడడ్డమొస్తడో సూస్త," అన్నాడు ఆశన్న ఆ రాత్రి అన్నం తింటూ.

రుక్మాబాయి కంచంలో ఇంకొంచెం అన్నం వేసింది.

పొద్దున లేచేసరికి పొయ్యి చల్లగా ఉంది. వాకిట్లో లక్ష్మవ్వ నిలబడి ఉంది. ఆమె చర్చి వాడకట్టు మనిషి, కలుపు ఆడవాళ్లను తీసుకుపోయే మేస్త్రి. ఆశన్నను బొడ్డూడనప్పటి నుంచి ఎరుగును.

"ఓ ఆశన్నా, నీ పెండ్లాం చెప్పులు గట్టుమీదున్నయ్."

"గడ్డికి పోయిందేమో."

"కొడవలి ఇంట్ల పెట్టి, చెప్పులు జతకు జత కలిపి, గడ్డికి పోతరా ఎవలన్న?"

ఆశన్న ఉరికాడు. చెప్పులు నిజంగానే చెరుకు అంచున, కొత్తగా కొన్నట్టు పక్కపక్కన ఉన్నాయి. ఆకుల సందులోంచి చూశాడు. రాతి పాదాల ముందు రుక్మాబాయి వీపు కనిపించింది. ఆకుపచ్చ చీర. చేతులు కిందికి వదిలేసి నిటారుగా నిలబడి ఉంది.

"ఇగో!" అన్నాడు. పెళ్లయిన నాటి నుంచి ఆమెను అట్లాగే, కొడుకు ప్రేమ్ పుట్టాక ప్రేమ్ అవ్వ అని పిలిచాడు. "ఇగో, ఇంటికి రా. ఓ ప్రేమ్ అవ్వా!"

ఆమె కదల్లేదు.

"ఇగో అంటె ఎవలస్తరు?" అంది లక్ష్మవ్వ. "నిలవడ్డామెను నడిమిట్ల పిలిస్తె రాదు. దీపాల యాళ్లకు పేరు పెట్టి పిలువు. అప్పటిదాంక మూసుకోని కూసో."

"ఏం మొక్కిందో నీకెరికనా?"

"ఊరందరికి ఎరికె. అన్నదమ్ములు మాట్లాడుకోవాలెనని మొక్కింది. నీకొక్కనికే ఎరికలేదు."

జేసీబీ వచ్చింది. ఆశన్న చెయ్యి ఊపి తిప్పి పంపాడు. గట్టు మీద కూర్చున్నాడు. లక్ష్మవ్వ కలుపు వాళ్లను పనికి పంపి తానూ వచ్చి దూరంగా కూర్చుంది.

"మాకు గివన్ని లేవు," అంది ఒకసారి, మెడలో శిలువ సవరించుకుంటూ. "గని మా అవ్వ చెప్పేది. గీ ఊరు మొదటి నుంచి ఇంటికొక మనిషిని అడుగుతదట. అప్పుడు రాక్షసుడు బండి పంపుమని అడిగిండు. నిలుసున్నయ్య అడుగడు. మనమే పోతం."

"ఊకో లక్ష్మవ్వా. భయపెట్టకు."

"నువ్వు గూడ భయపడతవా? తమ్ముని నెత్తి పలగ్గొట్టినోనివి."

ఎండ ఎక్కింది. గాలి లేదు. చుట్టూ వరిలో ఒక్క ఆకు కదలడం లేదు, చెరుకు ఆకులు మాత్రం గరగరమంటున్నాయి. లోపల ఎవరో కట్టుబట్ట సర్దుకుంటున్నట్టు. ఒక గోరింక వచ్చి రుక్మాబాయి భుజం మీద వాలింది. కొమ్మ మీద కూర్చున్నట్టు కూర్చుని, ముక్కుతో రెక్కలు దువ్వుకుని, తన పనైనాక పోయింది.

పొద్దు తిరిగింది. చెరుకు నీడలు ఇటు నుంచి అటు పడ్డాయి. రుక్మాబాయి నీడ పొద్దున ఎక్కడుందో అక్కడే ఉంది. ఆశన్న కండువాతో కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఆమె చీలమండ చుట్టూ పచ్చని తీగ ఒకటి. పొద్దున లేదు. నీళ్లు తాగి వచ్చేసరికి అది పిక్క దాటింది.

ఊరి దిక్కు నుంచి పొయ్యిల పొగ లేచింది. లక్ష్మవ్వ లేచి నిలబడి "ఇగ పిలువు" అంది.

ఆశన్న గొంతు సవరించుకున్నాడు. ఆ పేరు అతని నోట్లో ఎప్పుడూ తిరగలేదు. పరాయి ఆడమనిషిని పిలుస్తున్నట్టు సిగ్గనిపించింది.

"రుక్మాబాయీ!"

చెరుకు గరగర ఆగిపోయింది. లోపల ఏదో వింటున్నట్టే ఆగింది. కానీ ఆమె తిరగలేదు.

"రుక్మాబాయీ! ఓ రుక్మాబాయీ!"

తీగ మోకాలి దగ్గర కొస ఎత్తింది.

లక్ష్మవ్వ ముఖం మారింది. "ఆశన్నా, గది మీ అవ్వ పెట్టిన పేరు గద. తల్లిగారింట్ల పెట్టిన పేరేంది?"

ఆశన్న వాళ్ల తాతలు మరాఠీ దిక్కు నుంచి వచ్చారు. వాళ్లింట కోడలికి పెళ్లినాడే పేరు మారుస్తారు. పళ్లెంలో బియ్యం పోసి, పెళ్లికొడుకు ఉంగరంతో ఆ బియ్యంలో కొత్త పేరు రాయాలి. ఆశన్న రాశాడు. వంకర అక్షరాలు చూసి అందరూ నవ్వారు. పాత పేరు నాటుపేరని, ఇంట్లో ఎవరూ నోటెత్తవద్దని తల్లి చెప్పింది. పెళ్లినాటి పొద్దున పంతులు ఆ పాత పేరు చదివినప్పుడు ఆశన్న బాజా వాళ్ల దిక్కు చూస్తున్నాడు.

ముప్కాల్ దిక్కు ఆమె తల్లిగారి ఊరు పోచంపాడ్ ప్రాజెక్టు నీళ్ల కిందికి పోయింది. ఆ మనుషులు ఎటు పోయారో ఎటు చచ్చారో. నిజామాబాద్‌లో ఉన్న కొడుకు ప్రేమ్‌కు ఫోన్ చేశాడు.

"అవ్వ పేరేందని గిట్ల అడుగుతున్నవేంది బాపూ? రుక్మాబాయే గద. ఆధార్ కార్డుల సూడు," అన్నాడు ప్రేమ్. "తాగినవా?"

ఆశన్న ఫోన్ పెట్టేశాడు.

"నీ తమ్మునికి ఎరికుండొచ్చు," అంది లక్ష్మవ్వ మెల్లగా. "పెండ్లికి ముందు పిల్లను తోలుకచ్చిన బండ్ల ఆమె పక్కపొంటి కూసున్న పిలగాడు గాడే."

గట్టురాయికి అవతల మోటరు కాడ రామ్‌దాస్ కాళ్లు కడుక్కుంటున్నాడు. ఆశన్న రాయి దాటాడు.

"రాందాసూ."

రామ్‌దాస్ తలెత్తలేదు. "గట్టు దాటినవ్. రేపు నేనే జరిపిన అంటవ్."

"మీ వదినె మడిల నిలవడ్డది."

"ఎరికె. పిలువు మరి. నీ పెండ్లామే గద."

"పిలిసిన. రాలె. ఆమె మొదటి పేరు నాకెరికలేదు తమ్మీ."

రామ్‌దాస్ అప్పుడు తిరిగాడు. నుదుటి మీద మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. కొట్టడానికి వచ్చినవాడిలా అన్నను చూశాడు. "ఇన్నేండ్లు ఆమె చేతి కూడు తిన్నవ్," అన్నాడు.

"తిన్న."

రామ్‌దాస్ తడికాళ్లతోనే ఉరికాడు. ఆశన్న వెనకాల ఉరికాడు. మడి కాడికి వచ్చేసరికి తీగ ఆమె నడుము చుట్టి పైకి పాకుతోంది.

"భూమవ్వ," అన్నాడు రామ్‌దాస్ రొప్పుతూ. "బండ్ల నాకు బెల్లం ముక్క ఇచ్చి చెప్పింది. నా పేరు భూమవ్వ, మీ ఇంట్ల మారుస్తరంట, నువ్వన్న యాదుంచుకో అన్నది. పిలువన్నా. జల్ది!"

"నువ్వు గూడ పిలువు."

అన్నదమ్ములు ఒక్క గొంతుతో అరిచారు. "భూమవ్వా!"

లోపల ఎండుకట్టెలు విరిగినట్టు పటపటమని తీగలు తెగాయి. ఆమె తిరిగింది. చెరుకు తోసుకుంటూ గట్టెక్కింది. చెప్పుల పక్కనుంచే నడిచింది గాని వాటిని చూడలేదు. నెరిసిన జుట్టు, ముడతలు అన్నీ ఉన్నాయి. నడక మాత్రం లంగా ఓణీ వేసుకున్న పిల్ల నడకలా ఉంది.

రామ్‌దాస్ ముందు ఆగి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"రాందాసూ! గింత ముసలోనివెట్లయినవ్ రా? పొద్దుగాల గద మనం బండెక్కింది."

తర్వాత ఆశన్న వైపు చూసింది. గభాలున తల మీద కొంగు లాక్కుని రామ్‌దాస్ వెనక్కి జరిగింది.

"గీయన ఎవలు?"

లక్ష్మవ్వ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

ఆ రాత్రి ఆమె ఆశన్న ఇంటి గడప దాటలేదు. మా ఊరికి బండి ఎప్పుడు మర్లుతది అని అడిగింది. ప్రేమ్ పేరు చెబితే "ప్రేమ్ ఎవలు?" అంది. లక్ష్మవ్వ తన ఇంటికి తీసుకుపోయి పక్కన పడుకోబెట్టుకుంది.

తెల్లవారి చెప్పులు తెద్దామని ఆశన్న మడి కాడికి పోయాడు. చెప్పులు అట్లాగే ఉన్నాయి. వంగి తీయబోతూ లోపలికి చూశాడు. రాతి పాదాల ముందు, ఆమె నిలబడ్డ చోట, మోకాలెత్తు రాయి ఒకటి ఉంది. నిన్న అక్కడ రాయి లేదు. చుట్టూ మట్టి పచ్చిగా ఉంది. రాతి మీద చెక్కిన తీగ, కొస పైకెత్తి ఉంది.

"ఇగో," అన్నాడు మెల్లగా.

గాలి లేదు. ఆ రాయి పక్కన ఉన్న చెరుకు ఆకొకటి అతని దిక్కు ఒరిగింది.

లక్ష్మవ్వ, రామ్‌దాస్ వెనకాలే వచ్చి నిలబడ్డారు. లక్ష్మవ్వ వంగి ఆ రాయిని చూసింది.

"రెండు పేర్ల మనిషి," అంది. "పిల్ల బయటికొచ్చింది. నీ పెండ్లాం ఆన్నే ఉన్నది."

ఆశన్న తన చెప్పులు విడిచాడు. ఆమె చెప్పుల పక్కన జతకు జత కలిపి పెట్టాడు.

"అన్నా, వద్దు," అన్నాడు రామ్‌దాస్.

"లోపలికి పోయి లాగొద్దంటరు. నేను లాగ. పక్కపొంటి నిలవడత, వస్తవా అని అడుగుత." గట్టురాయి దిక్కు చూపించాడు. "ఆ రాయి నీ ఇష్టమున్న కాడ పాతుకో. ఇగ నేనడుగ. దీపాల యాళ్లకు మాత్రం వచ్చి పిలువు."

రామ్‌దాస్ నుదుటి మచ్చ తడుముకున్నాడు. "ఏమని పిలువాలె?"

"ఆశన్న అనే. నాకెవలు మార్చలే."

చెరుకు అతని వెనక మూసుకుంది. లోపల నేల మెత్తగా, వెచ్చగా ఉంది. రాయి పక్కన నిలబడి చేతులు కిందికి వదిలాడు. గట్టు మీద తమ్ముడు దగ్గిన చప్పుడు వినిపించింది. కాసేపటికి అది కూడా దూరమైంది.

ఎండెక్కింది. పొద్దు తిరిగింది. చెరుకు నీడలన్నీ జరిగాయి.

తన నీడ జరగలేదు.