వంశంలో ఎత్తని పేరు

దశరథం చెప్పులు విడిచి గడప ఇవతలే నిలబడి అడిగాడు. "అమ్మా, మీ ఇంట్ల తొలి రొట్టె ఎవలు తింటరు?"

ఆ ఇల్లాలు ఎగాదిగా చూసి, "ఎవలకు ఆకలైతే వాళ్ళు" అని, రొట్టెకే వచ్చాడనుకుని లోపలికి వెళ్ళబోయింది. అతను వద్దన్నట్టు చేయి ఊపి పక్కింటికి నడిచాడు. ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లు వెనక వాడలో పొద్దుటి నుంచి అది ఇరవై ఆరో ఇల్లు.

డెబ్బై ఏళ్ళ మనిషి. బక్కపలుచన, కాస్త ముందుకు వంగిన నడక. చెవి తమ్మెలు సాగిపోయాయి, ధోవతి అంచు మాసిపోయింది. నలుగురిలో కలిస్తే మళ్ళీ పోల్చుకోలేని ముఖం. కానీ ఆ తలలో ఉన్న సరుకు మామూలుది కాదు. దశరథం వంశాలు చెప్పే ఇంట్లో పుట్టాడు. చదువు రెండో తరగతి. నీలంపల్లి దొరల పదకొండు తరాలు తడుముకోకుండా చెప్పేస్తాడు. గడీ కూలిపోయాక ఆ దొరల పిల్లలు హైదరాబాద్‌కూ నాగపూర్‌కూ చెల్లాచెదురయ్యారు. ముత్తాత పేరు వాళ్ళు మరిచిపోయినా అతను మరిచిపోలేదు. లగ్గం కుదుర్చుకున్నాక ఇతను వచ్చి, మీరిద్దరూ ఒక్క కొమ్మ పిల్లలేనని చెబితే నోరు వెళ్ళబెట్టిన కుటుంబాలున్నాయి.

ఆ దొరల ఇంటి ఆడపడుచు సీతాబాయి ఇప్పుడు కరీంనగర్‌లో మనవడు అర్జున్ దగ్గర మంచాన పడి ఉంది. ఎనభై రెండేళ్ళు. ఆమె చెల్లెలు చంద్రకళ యాభై ఏడేళ్ళ కింద మగ్గం నేసే రాంచందర్‌తో వెళ్ళిపోయింది. ఆదిలాబాద్‌లో మిల్లు పనికి కుదిరారని ఒక్క కబురు వచ్చింది, అంతే. తండ్రి ఆ పేరు ఇంట్లో మళ్ళీ పలకనివ్వలేదు. రష్యాలో పాత జమీందారు వంశాల వాళ్ళు తప్పిపోయిన చుట్టాలను కంప్యూటర్లలో వెతికిస్తున్నారని అర్జున్ ఫోనులో చూసి చెబితే, "మనకు దశరథం ఉన్నడు గదరా" అందట ముసలామె. అతన్ని పిలిపించి, "నా పానం పోకముందు నా చెల్లె ఉన్నదో లేదో చెప్పు" అని ఒక్కటే అడిగింది.

దశరథం ఆదిలాబాద్‌కు మూడుసార్లు వచ్చి ఉత్త చేతులతో తిరిగి వెళ్ళాడు. తప్పు అతనిదే. తన విద్యలో అలవాటైనట్టు మగవాడి పేరు పట్టుకుని టీకొట్లలో మగవాళ్ళనే అడిగాడు. వంశంలో ఆడవాళ్ళ పేర్లు ఎత్తకూడదని తండ్రి నేర్పాడు. ఎత్తని పేరును వెతకడం మాత్రం నేర్పలేదు.

పోయిన వారం మాటల్లో సీతాబాయి పుట్టింటి సంగతొకటి చెప్పింది. ఏడు తరాల కింద ఆ ఇంటి పెద్దమనిషి ఒకాయన పశువులను వెతకబోయి అడవిలో తప్పిపోయాడు. ఏనాటికైనా ఆకలితో వస్తాడని తొలి జొన్నరొట్టె ఎవరూ తినరు, పొయ్యిగడ్డ మీద పెడతారు. ఆడపిల్ల ఇంటిపేరు మార్చుకుంటుంది గానీ పొయ్యి దగ్గరి అలవాటు మార్చుకోదు కదా. ఇంత చిన్న ముక్క తన బుర్రకు ఇన్నాళ్ళూ తట్టనందుకు దశరథం తనను తానే తిట్టుకున్నాడు.

ముప్పై ఒకటో ఇంట్లో, తలలో పత్తి నూగుతో ఉన్న ఒకామె తలుపు తీసింది. యాభై దాటి ఉంటాయి.

"తొలిది మేం తినం కాకా. పొయ్యి పక్కన పెడ్తం. మా అవ్వ గట్లనే పెట్టేది."

దశరథం అరుగు మీద కూర్చుని ఆమె పేరూ, వాళ్ళ అవ్వ పేరూ అడిగాడు. ఆమె పద్మలత, చంద్రకళ కూతురు. చంద్రకళ పోయి నాలుగేళ్ళయింది.

వచ్చిన పని చెప్పగానే పద్మలత ముఖం గట్టిపడింది. "మా బాపు సచ్చిననాడు ఎవ్వలు రాలే. అవ్వ సచ్చిననాడు రాలే. గిప్పుడు యాదికొచ్చినమా? మీ వంశంల మా అవ్వ పేరున్నదా, చెప్పు."

అబద్ధమాడటం అతనికి చేతకాదు. "లేదు బిడ్డా" అన్నాడు.

 లేచి నిలబడి, గొంతు సవరించుకుని, దొరల వంశాన్ని మూలపురుషుడి దగ్గర ఎత్తుకున్నాడు. ఒక్కో తరమూ దిగుతూ వచ్చాడు. పక్కిళ్ళ వాళ్ళు తలుపుల్లోకి వచ్చి నిలబడ్డారు. సీతాబాయి తండ్రి జగపతిరావు దగ్గర ఊపిరి పీల్చుకున్నాడు.

"జగపతిరావుకు పెద్దబిడ్డ సీతాబాయి. చిన్నబిడ్డ చంద్రకళ. చంద్రకళ బిడ్డ పద్మలత."

గడప ముందు ఒకసారి ఎత్తిన పేరును తర్వాత ఎవరూ తీసేయకూడదు. అది వంశాలు చెప్పేవాళ్ళ కులకట్టు. దశరథం తండ్రి నేర్పిన మాట తప్పాడు. చేయాల్సిన పనే చేశాడు, ఎప్పుడో చేయాల్సింది. పద్మలత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దశరథం అర్జున్‌కు ఫోను కలిపి ఇస్తే పద్మలత "పెద్దవ్వా" అంది. అటునుంచి చాలాసేపు ఏడుపే వినబడింది. ఆ తర్వాత ముసలి గొంతు, "అచ్చం దాని గొంతే బిడ్డా. ఒక్కసారి అచ్చి పో" అంది.

"ఆదివారం అస్త" అని పద్మలత కళ్ళు తుడుచుకుంది. అటక మీంచి చిన్న స్టీలు డబ్బా దించి, నువ్వుండలు నింపి దశరథం చేతికిచ్చింది. "మా అవ్వ మొదటి జీతంతోని కొనుక్కున్నది. పెద్దవ్వకియ్యి."

మధ్యాహ్నం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, డబ్బా ఒళ్ళో పెట్టుకుని, కొత్త పేర్లు ఎక్కడ ఆపి ఎక్కడ అందుకుంటే బాగుంటుందోనని పెదవులు కదుపుతూ సరిచూసుకున్నాడు. నిర్మల్ దాటాక కళ్ళు మూసుకున్నాడు.

పొద్దుగూకే వేళకు కరీంనగర్‌లో అందరూ దిగారు. కండక్టర్ ఓంప్రకాశ్ వచ్చి భుజం తట్టాడు. "తాతా, ఊరచ్చింది." మళ్ళీ తట్టి, ముంజేయి పట్టుకుని నాడి చూసి, టోపీ తీశాడు. ముసలాయన ముఖంలో ఏ బాధా లేదు, పనైపోయిన మనిషి ముఖం అది.

ఓంప్రకాశ్ ఆ వేళ్ళు మెల్లగా విడదీసి డబ్బాను సీటు మీద పెట్టాడు. మూత మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన అక్షరాలు అరిగిపోయినా ఇంకా చదవడానికి వస్తున్నాయి: చంద్రకళ, నీలంపల్లి.