పౌడరు అద్దిన గొర్రెపిల్ల

యశోదమ్మ హిందూపురంలో కాన్పుల వార్డు ఆయాగా ఇరవై ఏళ్లు పనిచేసింది. ఎన్ని వందలమంది పసిబిడ్డలకు నీళ్లు పోసిందో ఆమెకే లెక్క తెలియదు. అందుకే రిటైరయ్యాక పరిగి దగ్గర సొంతూళ్లో నాలుగు గొర్రెలు కొని, మొదటిది ఈనగానే తువ్వాలు భుజాన వేసుకుని దొడ్లోకి దిగింది. మొగుడు గంగాధరప్ప వద్దంటున్నా నాలుగు తిట్టి, జిగురుగా ఉన్న పిల్లను వేన్నీళ్లతో సబ్బు పెట్టి కడిగింది, తుడిచింది, ఆపైన పౌడరు కూడా అద్దింది.

తల్లి దాన్ని ఒకసారి వాసన చూసి, తలతో ఒక్క పోటు పొడిచింది. పిల్ల పొదుగు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ అదే వరస.

గొర్రెల మధ్యనే పుట్టి పెరిగిన పక్కింటి పుల్లమ్మ వచ్చి చూసింది.

"ఏం పూసినావక్కా దీనికి? పెండ్లికి పోయేదాని మాదిరి ఉండాది. తల్లి తన పిల్లను గుర్తుపట్టేది వాసనతోనే గదా. నువ్వు దాన్నే కడిగేస్తివి."

తల్లి పాలే కాసిని పిండి పిల్ల వీపుకు, తోకకు రాసి, పైన ఉప్పు చల్లింది పుల్లమ్మ. గొర్రె ముందు ఉప్పు కోసం నాకింది. సాయంత్రానికి పిల్ల కోసమే నాకసాగింది. యశోదమ్మ ప్రాణం కుదుటపడింది.

వారం తర్వాత రెండోది ఈనింది. మొన్న అడ్డం చెప్పి తిట్లు తిన్న గంగాధరప్ప ఈసారి తానే వేన్నీళ్లు కాచి, సబ్బుతో సహా తెచ్చాడు. యశోదమ్మ చేతులు రెండూ కొంగులో చుట్టుకుని గోడవార కూర్చుని, పిల్లను ఒళ్లంతా నాకుతున్న తల్లినే చూస్తోంది.

"ఆ నీళ్లు నువ్వు పోసుకో," అంది. "ఈ వార్డుకు ఆయా వేరే ఉండాది."