గాడిలో తుప్పు

“గిన్నెలు తోమడం అయ్యాక ఆ కాలిపర్లు కూడా కడిగేసి, రబ్బర్లు వేసి పెట్టెయ్. మధ్యాహ్నం ముసలాయన వస్తాడు” అన్నాడు మా ఆయన, తిన్న కంచంలోనే చెయ్యి కడుక్కుంటూ.

ఆ ‘కూడా’ను నాలుగేళ్ళుగా వింటున్నాను. బట్టలు ఉతికాక బేరింగులు కూడా. ఇల్లు ఊడ్చాక షెడ్డు కూడా. నా రోజంతా ఆ ఒక్క మాటతోనే కుట్టినట్టుంటుంది. అందులో నా పని అంటూ ఏదీ ఉండదు. అన్నీ ఇంటిపనికి తోకలు, ఆయన పనికి తోకలు.

వంటింటి వెనక తలుపు తీస్తే షెడ్డు. మా మామగారు పెట్టింది. ఆయన పోయినా, గోడ మీద ఎర్రరంగుతో రాయించిన మాట పోలేదు: ‘ఇక్కడ దేన్నీ పారేయం.’ చుట్టుపక్కల షెడ్లలో ఏది అరిగినా కొత్తది కొనుక్కు రమ్మంటారు. మా దగ్గర బాగుచేసి ఇస్తారు. అదీ మా పేరు. “కొత్తది బిగించడానికి మెకానిక్కెందుకండీ, చేతులుంటే చాలు” అని మా ఆయన బండ్లవాళ్ళ ముందు కాలు మీద కాలేసుకుని చెబుతుంటాడు. వాళ్ళు తలలూపుతారు. బాగుచెయ్యడం ఇక్కడే ఎందుకంత చవక అని ఒక్కరూ అడగరు. అడిగితే వెనక తలుపు తీసి చూపించాల్సి వస్తుంది. ముప్పై ఏళ్ళు మా అత్తయ్య చేతులు, ఇప్పుడు నావి. జీతం లేని చేతులతో చేయిస్తే ఏదైనా చవకే.

కాలిపర్ అంటే బండిని ఆపే పిడికిలి. చక్రంతోపాటు తిరిగే ఇనప పళ్ళేన్ని రెండువైపుల నుంచీ బిగబట్టి ఆపుతుంది. లోపల గుండ్రటి పిస్టన్, దాని చుట్టూ రబ్బరు రింగు, ఆ రింగు కూర్చోవడానికి సన్నటి గాడి. ఆ గాడిలో మా ఆయన వేలు పట్టదు. నాది పడుతుంది. పెళ్ళయిన కొత్తలో “నీ వేళ్ళు భలే సన్నగా ఉన్నాయే” అని ఆయన అంటే పొంగిపోయాను. ఆ పొగడ్త దేనికో వారం తిరక్కుండానే తెలిసింది.

మొదటి ఏడాదే ఒక సంగతి కనిపెట్టాను. డీజిల్‌తో కడిగితే ఈ రబ్బర్లు ఉబ్బుతున్నాయి. అనుమానం తీరక ఒక రింగు డీజిల్‌లో, ఇంకో రింగు బ్రేకు ఆయిల్‌లో నానబెట్టి మూడు రోజులు చూశాను. ఉబ్బిన రింగు తీసుకెళ్ళి మా ఆయనకి చూపిస్తే, “నీ పదో తరగతి సైన్సు ఇక్కడ చెప్పకు తల్లీ” అని నవ్వాడు. ఆరునెలల తర్వాత ఒక డ్రైవరుతో చెబుతుంటే తలుపు చాటు నుంచి విన్నాను. “డీజిల్ తగిలిందో, రబ్బరు ఉబ్బిపోతుంది గురూ. ఇవన్నీ అనుభవం మీద తెలియాల్సినవి.” అప్పుడు నా చేతుల్లో వాళ్ళకోసం కాచిన టీ గ్లాసులున్నాయి. ఇచ్చి వచ్చేశాను. ఆ టీ ఎందుకిచ్చానా అని ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇవాళ వచ్చినవి ఇరవై రెండేళ్ళ పాత ట్రక్కువి. ముసలాయన గుట్ట మీది క్వారీ నుంచి కంకర దించుతాడు. ఎక్కేటప్పుడు ఖాళీ, దిగేటప్పుడు నిండు బరువు. అందరూ కంకరతాత అంటారు. ఏళ్ళ తరబడి మా షెడ్డుకే వస్తున్నాడు. కొత్తవి వెయ్యాలా, పాతవే బాగుచేయించాలా అని కొన్నాళ్ళు ఊగిసలాడి, చివరికి మా ఆయన మాట నమ్మి బండి వదిలి వెళ్ళాడు. ఆ మోడలు తయారీ ఎప్పుడో ఆగిపోయింది. కొత్తవి తెప్పించాలంటే వారం పడుతుంది.

ఎడమవైపుది బాగుంది. పిస్టన్ మీద గీత లేదు, గాడి నున్నగా ఉంది. రబ్బర్లు మారిస్తే ఇంకా చాలా ఏళ్ళు నడుస్తుంది. కుడివైపుది కడిగి, పాత రింగు తీసి, గాడిలో గోరు పెట్టి తిప్పాను. సగం చుట్టు వెళ్ళి ఆగింది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ అక్కడే. తుప్పు తినేసి, నువ్వుగింజంత గుంట పడింది. పిస్టన్ పాడైతే పిస్టన్ మార్చుకోవచ్చు. గాడి ఆ ఇనపదిమ్మెలోనే ఉంది, మార్చడానికి వీల్లేదు. రింగు వేస్తే చక్కగానే కూర్చుంటుంది. షెడ్డు ముందు పదిసార్లు తొక్కి చూసినా బ్రేకు పడుతుంది. గుట్ట దిగుతూ వేడెక్కినప్పుడే ఆ గుంటలోంచి ఆయిల్ కారడం మొదలవుతుంది.

అత్తయ్య బట్టలు మడతపెడుతోంది. ఆవిడ దగ్గరికి పట్టుకెళ్ళాను.

“ఇది ఒకసారి చూడండి అత్తయ్యా.”

ఆవిడ చూడలేదు. కళ్ళు చీర అంచు మీదే ఉంచి, చిటికెనవేలు గాడిలో పెట్టి తిప్పింది. నా గోరు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే ఆవిడ వేలూ ఆగింది.

“వేసెయ్” అంది.

“తెలిసి తెలిసీనా?”

“తెలిసి తెలిసీ నేనెన్ని వెయ్యలేదు? నోరెత్తితే మీ మామయ్య ‘నువ్వు మెకానిక్కువా, నేను మెకానిక్కునా’ అనేవారు. వీడూ వాళ్ళ నాన్న పోలికే. ఎందుకొచ్చిన గొడవ చెప్పు?” అని ఇంకో చీర తీసుకుంది.

ముప్పై ఏళ్ళుగా ఈ ఇంట్లో నిజం ఒక చిటికెనవేలి కొసదాకా వచ్చి ఆగిపోతోంది. నాకు ఆవిడ మీద కోపం రావాలో, ఆవిడ కోసం రావాలో తెలియలేదు. రెండూ వచ్చాయి. ఆ ఊపులోనే షెడ్డులోకి నడిచాను.

“కుడివైపుది పనికిరాదండీ. కొత్తది వెయ్యాలి.”

“ఎవరు చెప్పారు?”

“గాడిని తుప్పు తినేసింది.”

టార్చి వేసి పైపైన చూశాడు. “మెరుస్తోంది కదే! గరుకు కాగితంతో నాలుగు తిప్పులు తిప్పి వేసెయ్.”

“కారుతుందండీ.”

“మా నాన్న పెట్టిన షెడ్డులో నిలబడి కొత్తది కొనుక్కోమని చెప్పమంటావా? నా పరువేం కావాలి? కడిగే పని నువ్వు చూసుకో, తేల్చే పని నేను చూసుకుంటాను.”

గుంటను తాకిన వేలు నాది. తేల్చే నోరు ఆయనది. గుట్ట దిగే ప్రాణం ఇద్దరిదీ కాదు.

కంకరతాత వచ్చేసరికి ఎడమవైపుది సిద్ధం చేశాను. కుడివైపుది విప్పినది విప్పినట్టే బల్ల మీద పరిచి, పక్కన నిలబడ్డాను. బండ్లవాళ్ళ ముందు అలా ఎప్పుడూ నిలబడలేదు.

“ఇంకా అవలేదా అబ్బాయ్?”

“అయిపోయినట్టే తాతా. రబ్బర్లు వెయ్యడమే తరువాయి. కొత్తదాన్ని తలదన్నుతుంది చూడు.”

“అలా వేస్తే ఆగదు తాతా” అన్నాను.

“లోపలికి పో” అన్నాడు మా ఆయన పళ్ళ సందునుంచి.

జడపిన్ను తీసి తాత చేతికిచ్చాను. “దీన్ని ఆ గాడిలో పెట్టి చుట్టూ తిప్పండి.”

తిప్పాడు. టక్కుమని ఆగింది. ఇంకోసారి తిప్పాడు. ముసలాయన మొహంలో రంగు మారింది. పిన్నును మా ఆయన వైపు చాపాడు. “నువ్వు చూశావా అబ్బాయ్ ఇది?”

“అవి లోపల పనులు తాతా. ఆడవాళ్ళు చూసు...” మా ఆయన మాట సగంలో ఆగిపోయింది.

“ఓహో! అయితే ఇన్నేళ్ళూ నేను గుట్ట దిగింది నీ చేతి మీద కాదన్నమాట.” తాత ఎడమవైపు కాలిపర్‌ని ఎత్తి, తిప్పి చూసి, జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. “దీన్ని ఇలాగే వెయ్యండి. రెండోది కొత్తది తెప్పించండి. వారమైతే వారం, కూర్చుంటాను.” మెట్టు దిగబోతూ నావైపు తిరిగాడు. “ఇలాంటివి ఇంతకుముందు తగల్లేదా తల్లీ నీకు?”

లోపలికి వచ్చేశాను. వెనకే మా ఆయన. “నా మొహాన పేడనీళ్ళు కొట్టావు కదే! రేపట్నుంచి ఎవడొస్తాడు ఈ షెడ్డుకి?” ఇంకా చాలా అన్నాడు. నాకు మాత్రం తాత అడిగిందే వినిపిస్తోంది.

తగిలాయి. పోయిన నెలలోనే ఒకటి తగిలింది. కూరగాయల ట్రక్కుది. డ్రైవరు పక్కన భార్య కూర్చుంటుంది, ఒళ్ళో పాలు తాగే బిడ్డ. ఆ గాడిలోనూ గోరు ఆగింది. చెప్పిన పని చేస్తున్నాను, నాదేముంది అనుకుని రింగు వేసేశాను. ఎంత హాయైన మాట అది! పేరు నాది కానప్పుడు తప్పు మాత్రం నాదెలా అవుతుంది? నా పనిని నాది కాదన్నారని నాలుగేళ్ళుగా వీళ్ళ మీద రగిలిపోతున్నాను. ఆ ఒక్క గుంట దగ్గర, నాది కాదన్నది నేనే.

‘బండి అయిందా’ అని అడిగే ఫోన్లన్నీ నాకే వస్తాయి కాబట్టి ఆ డ్రైవరు నంబరు నా దగ్గరుంది.

“ఎవరికే ఫోను?” అన్నాడు మా ఆయన. అత్తయ్య చేతిలో మడత ఆగింది.

అటువైపు డ్రైవరు భార్యే ఎత్తింది. వెనక ఇంజను చప్పుడు, బిడ్డ ఏడుపు.

“అక్కా, షెడ్డు నుంచి మాట్లాడుతున్నాను. మీ బండి బ్రేకులు చేసింది మా ఆయన కాదు, నేను. మెల్లగా పక్కకు తీసి ఆపమను.”